ముగ్గురాయి: పేరు ఒకటి, సరకులు అనేకం

"ముగ్గురాయి పది లారీలు కావలెను" అని ఆర్డరు పెట్టిన వర్తకునికి ఏ సరకు చేరుతుందన్నది ఆ ఆర్డరు ఏ ఊరికి వెళ్లిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. రాజంపేట, కోడూరు వైపు ఆ మాటకు ఒకటే అర్థం: ఓబులవారిపల్లె మండలం మంగంపేట గనుల్లో దొరికే బెరైటీస్. మిగతా చోట్ల వాకిట్లో ముగ్గుకు పనికివచ్చే తెల్లని మెత్తరాయి ఏదైనా ముగ్గురాయే. అది బలపపురాయి కావచ్చు, సున్నపురాయి జాతిదీ కావచ్చు. వీటి ధరలకు పొంతన లేదు. ఇలాంటి తికమక మన దగ్గరే ఉన్నదనుకోనక్కరలేదు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక ప్రాంతపు గని కార్మికులు బెరైటీస్‌ను "టిఫ్" అనేవారు. అదే రాష్ట్రపు నైరుతి మూలన టిఫ్ అంటే కాల్సైట్.

విచిత్రమేమంటే, మంగంపేట ముగ్గురాయిలో ఎక్కువ భాగం తెల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. పులివెందుల వైపు రాతి సందుల్లో సిరలుగా దొరికే రకం తెలుపు. వ్యాపారంలో దాన్ని "స్నో వైట్" అంటారు. రంగుల తయారీదారులు కోరేది ఈ తెలుపునే. చమురు బావులు తవ్వేవారికి రంగుతో నిమిత్తం లేదు, బరువు కావాలి.

బరువు ఆ పేరులోనే ఉన్నది. గ్రీకు భాషలో "బారుస్" అంటే బరువైనది. సంస్కృతంలోని "గురు" శబ్దానికీ దీనికీ మూలం ఒకటేనని భాషావేత్తలు చెబుతారు. బెరైట్ అన్నా, బెరైటీస్ అన్నా, పాత పుస్తకాల్లో హెవీ స్పార్ అన్నా ఖనిజం ఒకటే: బేరియం సల్ఫేట్. బెరైటీస్ అన్నమాట చివర "స్" ఉన్నంత మాత్రాన అది బహువచనం కాదు.

బేరంలో అసలు చూడవలసినది పేరు పక్కన ఉండే అంకె. దాన్ని విశిష్ట గురుత్వం అంటారు. అంటే, సమాన ఘనపరిమాణం గల నీటి కంటే సరకు ఎన్ని రెట్లు బరువో చెప్పే లెక్క. స్వచ్ఛమైన బెరైటీస్‌కు ఇది దాదాపు 4.5, పలుగురాయికి 2.65, సున్నపురాయికి సుమారు 2.7. రాతిముక్కను గాలిలో తూచి, తర్వాత దారం కట్టి నీటిలో ముంచి తూచితే తెలిసిపోతుంది. గాలిలో 420 గ్రాములు తూగిన ముక్క నీటిలో 320 గ్రాములు తూగిందనుకుందాం. తగ్గినది 100 గ్రాములు. 420ని 100తో భాగిస్తే 4.2. ఒక్క ముక్కతో లారీ అంతటినీ నిర్ణయించరాదు, సరకులో పలుచోట్ల నుంచి నమూనాలు తీయాలి.

4.2 అన్నది కాగితం మీద చిన్న అంకెలా కనిపిస్తుంది. స్వచ్ఛమైన బెరైటీస్‌లో తూకం ప్రకారం నూటికి 10 పాళ్లు పలుగురాయి కలిసిందనుకుంటే విశిష్ట గురుత్వం సుమారు 4.2కు దిగుతుంది. 15 పాళ్లయితే 4.07. కేవలం 5 పాళ్ల తేడాతో ఏ గ్రేడు సరకు కింది వరుసలోకి పోతుందన్నమాట. పిండి కొట్టాక ఈ తేడా కంటికి ఆనదు. చేతికి బరువుగా తగిలిందని గ్రేడు రాసుకునే కొనుగోలుదారు నష్టపోయేది ఇక్కడే.

ఈ అంకెకు ఇంత విలువ ఎందుకంటే, బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద ద్రవానికి బరువు నిచ్చేది ఈ పిండే. లోపలి గ్యాస్ ఒత్తిడి పైకి తన్నకుండా ఆ బరువు అదిమి ఉంచుతుంది. బెరైటీస్ మెత్తని రాయి కనుక గొట్టాలను పెద్దగా అరగదీయదు, నీటిలో కరగదు. ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావి చూపింది. అక్కడి మంటలు ఆర్పడానికి రెండు నెలలు పైగా పట్టింది. ఆ ప్రమాదానికి పిండి నాణ్యత కారణమని కాదు. బరువు చేయవలసిన పని ఎంతటిదో తెలియడానికే ఈ ప్రస్తావన.

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ చాలాకాలం 4.20నే ప్రమాణంగా ఉంచింది. మేలు రకం నిల్వలు తరుగుతుండడంతో 2010లో 4.10 రకానికీ ప్రమాణం ఇచ్చింది. దాంతో మంగంపేటలో బీ గ్రేడుకూ గిరాకీకి దారి ఏర్పడింది. ఆ కింద సీ, డీ, డబ్ల్యూ రకాలున్నాయి. ఇక్కడి గనులు రాష్ట్ర ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థవి.

పేరులో పొరపాటు ధరతోనే పోని సందర్భం కూడా ఒకటున్నది. కడుపు ఎక్స్‌రేకు ముందు రోగి చేత తాగించే బేరియం ద్రవం శుద్ధి చేసిన బేరియం సల్ఫేటే. అది ఒంటబట్టదు గనుక హాని లేదు. బేరియం కార్బనేట్ అలా కాదు, కడుపులోని ఆమ్లంలో కరిగి విషమవుతుంది. ఖనిజ రూపంలో దాని పేరు విదరైట్. 2003లో బ్రెజిల్‌లో ఎక్స్‌రే మందులో ఈ కార్బనేట్ కలిసి పలువురు మరణించారు. "బెరైటా" అన్నది మళ్లీ వేరు, అది బేరియం ఆక్సైడ్. ఇన్‌వాయిస్‌లో ఉత్త "బేరియం పౌడరు" అని రాసే అలవాటు ఉన్నవారు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

చట్టంలోనూ ఈ పేరు వరుస మారుతూ వచ్చింది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం బెరైటీస్‌ను మరో 30 ఖనిజాలతో పాటు చిన్న తరహా ఖనిజాల పట్టికలో చేర్చింది. 2025 ఫిబ్రవరిలో పలుగురాయి, ఫెల్‌స్పార్, అభ్రకంతో కలిపి తిరిగి ప్రధాన ఖనిజాల్లోకి తెచ్చింది. ఆ పదేళ్ల మధ్య రాసుకున్న లీజు కాగితాల్లో పాత వరుసే కనిపిస్తుంది.