చీకటి కథయు చూపరుల యోర్పును

ఒక కథను చూచి 'బాగున్నది' అనుట సులభము. 'బాగులేదు' అనుట యింకను సులభము. ఏల బాగున్నదో, ఎచ్చట బాగులేదో విడమరచి చెప్పుట మాత్రము అభ్యాసమువలనగాని అలవడదు. ఈ యభ్యాసమునకు తగిన యుదాహరణము నొకదానిని విద్యార్థుల యెదుట నుంచవలెనని మేము తలంచితిమి. అది 2024వ సంవత్సరము జూన్ 27వ తేదీన విడుదలయైన 'కల్కి 2898 ఏ.డి.' అను తెలుగు చలనచిత్రము. వైజయంతీ మూవీస్ సంస్థ నిర్మించిన యీ చిత్రమునకు నాగ్ అశ్విన్ దర్శకుడు. దీని నిడివి మూడు గంటల ఒక నిమిషము. చూచినవారు దీనినిగూర్చి పలికిన మాటలు పరస్పర విరుద్ధములు. ఒకే చిత్రము ఇన్ని తీరుల తోచుటకు కారణమేమో విచారింతము.

మొదట కథను సంగ్రహముగా తెలిసికొనవలెను. కురుక్షేత్ర సంగ్రామముతో ఆరంభమై, కథ ఒక్క దాటున 2898వ సంవత్సరమునకు పోవును. అప్పటికి భూమిమీద మిగిలిన నగరము కాశి యొక్కటే. గంగ యెండిపోయినది. నగరముపైన, తలక్రిందులుగా నిలిపిన పిరమిడ్‌వంటి మహా కట్టడ మొకటి ఆకాశమున తేలుచుండును. దానిపేరు కాంప్లెక్స్. నీరు, పచ్చదనము, సుఖజీవనము అన్నియు దాని లోపలనే. దాని యధిపతి సుప్రీమ్ యాస్కిన్. ఆతడు తన బలమును నిలుపుకొనుటకు గర్భవతులను ప్రయోగశాలలో బంధించును. అట్టివారిలో సుమతి యనునామె తప్పించుకొనిపోవును. ఆమె గర్భమందున్న శిశువే రాబోవు రక్షకుడని నమ్మిన శంబలవాసులు ఆమెను కాపాడ జూతురు. భైరవుడను వేటగాడు, ఆమెను పట్టియిచ్చి కాంప్లెక్స్‌లో చోటు సంపాదింపవలెనని వెంబడించును. వానికి అడ్డముగా నిలుచువాడు అశ్వత్థామ.

కల్కి శంబలగ్రామమున జన్మించునని భాగవతము ద్వాదశ స్కంధమున చెప్పబడియున్నది. అశ్వత్థామ కథ మహాభారతము సౌప్తిక పర్వములోనిది. దానిని తెనుగు చేసినవాడు తిక్కన సోమయాజి. నిదురించుచున్న ద్రౌపదీ పుత్రులను వధించి, ఉత్తర గర్భముమీదికి అస్త్రము నంపిన యా వీరుని శిరోమణిని తీసికొని, దిక్కులేక తిరుగుమని శ్రీకృష్ణుడు శపించెను. చిత్రములో దీనికొక క్రొత్త యంశము చేర్చబడినది: కలియుగాంతమున భగవంతుని శిశువును కాపాడుట అశ్వత్థామకు అప్పగింపబడిన విధి. మూలమున లేని యీ చేర్పును ముకేశ్ ఖన్నా వంటివారు బహిరంగముగ ఆక్షేపించిరి. ఆ ధర్మసందేహమును పెద్దలకు విడిచిపెట్టినను, కథాశిల్పమున దీని బలమును గుర్తింపక తప్పదు. ఒక గర్భమును నాశనము చేయనెంచినవాడే మరియొక గర్భమునకు కావలి యగుట! సువార్తలో హేరోదు బేత్లెహేము శిశువులను వెదకి చంపించిన వృత్తాంతమును చదివినవారికిని, కంసుని చెరసాలను విన్నవారికిని, ఈ కథయొక్క మూలస్వరము పరిచితమే. పుట్టబోవు శిశువునకు రాజు భయపడుట లోకమున మిక్కిలి పాత కథ.

ఇక చూపరుల మాటలు. వేయి కోట్ల రూపాయలకు మించి వసూలైనదని నిర్మాతలు ప్రకటించిరి. కావున చూచినవారు తక్కువ కారు. చిత్రపటముల వైభవమును, అమితాబ్ బచ్చన్ ధరించిన అశ్వత్థామ పాత్రను, కడపటి యరగంటను దాదాపు అందరును కొనియాడిరి. దోషములు చెప్పినవారి మాటలను గుదిగ్రుచ్చి చూచినచో మూడు తేలును. మొదటిది, నిడివి యెక్కువ, పూర్వార్ధము సాగదు. రెండవది, లోకమంతయు చీకటి, ధూళి, క్రౌర్యము. మూడవది, ఇంతసేపు చూపియు కథను ముగింపక రెండవ భాగమునకు విడిచిరి. కథానాయకుడగు ప్రభాస్ తక్కువసేపు కనబడెనని కొందరు అభిమానులు నొచ్చుకొనుట నాల్గవది. కాని అది కథనుగూర్చిన విమర్శ కాదు గనుక దానిని ప్రక్కనుంచుదము.

మొదటి దోషమును పరీక్షింతము. మూడు గంటలు నిజముగా ఎక్కువయేనా? మన రాయలసీమ పల్లెలలో తోలుబొమ్మలాటను జనులు తెల్లవారువరకు కూర్చుండి చూచెడివారు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో పుట్టిన సురభి నాటకములకును రాత్రులు మేలుకొనుట వాడుకయే. అహోబిలయాత్రను తలంపుడు. దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలమునకు సుమారు ఎనిమిది కిలోమీటర్లు. అచ్చటినుండి భవనాశి వాగు వెంబడి బండలపై నడచి జ్వాలా నరసింహుని సన్నిధికి, ఆ పైన ఉగ్రస్తంభమునకు ఎక్కవలెను. ముదుసలులుకూడ కఱ్ఱ యూతతో ఎక్కుదురు. దారి పొడవైనదని వెనుదిరుగువారు అరుదు. ఏలయన, ప్రతి మలుపునందును తాము ఎవ్వరి దర్శనమునకు పోవుచున్నారో వారికి తెలియును. కాబట్టి నిడివి దానంతట అది దోషము కాదు. గమ్యము కనుమరుగైన నిడివియే దోషము.

రెండవది చీకటి. దీనికిని అహోబిలమే సమాధానము చెప్పగలదు. స్తంభమునుండి నరసింహుడు వెడలిన స్థలము ఇదియే యని భక్తుల విశ్వాసము. ప్రహ్లాదుని కథకంటె భయంకరమైన కథ యేది? తండ్రియే కొడుకును ఏనుగులచేత త్రొక్కించును, పాములచేత కరపించును, కొండమీదినుండి త్రోయించును, అగ్నిలో వేయించును. అయినను ఈ కథను తెలుగువారు ఎన్నిమారులు చూచిరో! తొలి తెలుగు టాకీ 1932లో విడుదలయైన 'భక్త ప్రహ్లాద'. అందు నటించినవారిలో సురభివారు కలరు. మరల 1967లో యస్.వి. రంగారావు హిరణ్యకశిపుడుగా, బాలిక రోజారమణి ప్రహ్లాదుడుగా అదే కథ వచ్చెను. 2025 జూలైలో 'మహావతార్ నరసింహ' అను బొమ్మలచిత్రము వచ్చినప్పుడు కొన్నిచోట్ల ప్రేక్షకులు పాదరక్షలను వెలుపల విడిచి లోనికి పోయిరి. చీకటికి జనులు జంకినచో ఈ కథ తొంబది యేండ్లుగా తెరపై నిలిచియుండునా? అందలి రహస్య మొక్కటియే: హింస లెన్ని వచ్చినను బాలుని ముఖము మన కన్నుల యెదుటినుండి తొలగదు. చీకటిలో ఒక్క దీపమున్నచో కన్ను దానినే పట్టుకొని యోర్చును.

ఈ కొలతతో 'కల్కి'ని కొలిచిచూడుడు. పూర్వార్ధమున కాశి వీధులు, యంత్రములు, వాహనములు, వేటగాండ్ర పోట్లాటలు ఒకదానివెంట నొకటి వచ్చును. భైరవుని హాస్యమును, 'బుజ్జి' యను మాటలాడు బండియొక్క చమత్కారమును నవ్వు పుట్టించుటకే పెట్టిరి. కాని ఆ లోకమందు దాహముతో నున్నవాని కష్టము మనకు దగ్గరగా కనబడదు. చీకటి యున్నది, దీపము లేదు. అందుచేతనే చూపరి గడియారమువంక చూచెను. సుమతి పారిపోవునప్పుడు, అశ్వత్థామ లేచి నిలిచినప్పుడు, అదే చూపరి గడియారమును మరచెను. లోకము అదే, చీకటి అదే. నడుమ ఒక ప్రాణి వచ్చి చేరినది. ప్రేక్షకులు 'నిడివి' యని పలికిన దోషమునకు సరియైన పేరు 'దూరము' అని మా యభిప్రాయము.

మూడవ దోషమునందు న్యాయము కలదు. ముగింపు నమ్మకముగా నుండుటచేతనే మనము ప్రహ్లాదుని కష్టముల నోర్తుము. ఇచ్చట శిశువు పుట్టదు. యాస్కిన్ బలము పెరుగును. భైరవుడు పూర్వజన్మమున కర్ణుడని తెలియును. అంతట తెర పడును. ఓరిమి యడిగిన కథ ఆ యోరిమికి ప్రతిఫలమును మరియొక నాటికి వాయిదా వేసినది. చూపరి యసంతృప్తి మూఢత్వము కాదు, లెక్క సరిగా అడుగుటయే.

అయినను 'చీకటి కథలు మాకు వలదు' అని తీర్మానించుటకు మేము ఒప్పుకొనము. దీనికి కారణము మన నేలయే. నీరున్నవాడే ప్రభువగుట, నీరులేనివాడు వాని గోడ వెలుపల నిలుచుట అనునది 2898వ సంవత్సరమునకే చెందిన కల్పన కాదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువు కర్నూలు, కడప సీమలను ఎట్లు పీడించెనో తాతల నోట నేటికిని వినబడును. వేసవిలో ఎండిన వాగును చూచి పెరిగిన పిల్లవానికి ఎండిన గంగ వింత కాదు, హెచ్చరిక. అట్టి హెచ్చరికను చూడ నోర్పులేనివాడు ఊరి చెరువు పూడిపోవుటను ఎట్లు గమనించును? ఇట్టి కథల ప్రయోజన మిదియే. రాగల దానిని ముందుగా చూపి, అది రాకుండ నేమి చేయవలెనో ఆలోచింపజేయును.

మొదటి దినముల మాటలే కడపటి తీర్పు కావనియు విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. 1968లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన '2001: ఏ స్పేస్ ఒడిస్సీ' తొలి ప్రదర్శనలలో పలువురు నడుమనే లేచిపోయిరి, దర్శకుడు సుమారు పందొమ్మిది నిమిషముల భాగమును తగ్గించెను. నేడది ఉత్తమ చిత్రములలో నొకటిగా నెన్నబడుచున్నది. ఫిలిప్ కె. డిక్ నవల ననుసరించి 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్' మిక్కిలి చీకటియని తోచి, నిర్మాతలు దానికి వ్యాఖ్యానమును, సంతోషకరమగు ముగింపును తగిలించిరి. 1992 ప్రతిలో ఆ రెండును తీసివేయబడెను. మన తెలుగున సింగీతము శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' కాలయంత్రముపై శ్రీకృష్ణదేవరాయల కొలువునకును, అణుయుద్ధమువలన పాడైన భావికాలమునకును మనలను తీసికొనిపోయెను. కళింగ దండయాత్ర కాలమున అహోబిల నరసింహుని సేవించి కానుకలర్పించిన రాయలే యాతడు. అందు పాడైన భావికాలము కొంతసేపే. నవ్వును, రాజసభా వైభవమును దానికి ఇరుప్రక్కల నిలుచును. 'కల్కి'లో చీకటియే కథకు నేల. అందుచే దాని బరువు చూపరికి హెచ్చుగా తెలిసినది.

ఇకమీదట ఏ కథ చూచినను, ఏ పుస్తకము చదివినను, తీర్పు చెప్పుటకు ముందు మూడు ప్రశ్నల నడుగుకొనుడు. ఈ పొడవున నన్ను నడిపించుచున్న దెవ్వరు? ఈ చీకటిలో నేను పట్టుకొనదగిన ముఖ మేది? నేనిచ్చిన యోర్పునకు కథ నాకేమి యిచ్చినది? వీనికి ఉత్తరములు వ్రాసికొన్న పిమ్మట 'బాగున్నది' అన్నను సరియే, 'బాగులేదు' అన్నను సరియే. పదుగురి కేకలనుబట్టి గాని, వసూళ్ల అంకెలనుబట్టి గాని చెప్పిన మాట మీది కాదు. కారణముతో చెప్పిన మాటయే మీది.