రాట్నము వేదకాలము నాటిదా?

రాట్నము వేదకాలము నాటిదనియు, మన మగ్గము ఆనాటి నుండి ఏమియు మారలేదనియు మన ఇండ్లలో పెద్దలు చెప్పగా మనమెల్లరము వినియున్నాము. వినుటకు ఇంపైన మాటయే గాని నిజము వేరు.

మన దేశమున నూలు వడకుట అతి ప్రాచీనము. మొహంజొదారోలో వెండి పాత్రకు అంటుకొని దొరికిన నూలుగుడ్డ 4,000 ఏండ్లకు పైబడినది. కాని అది చేతి కదురుతో వడికిన కాలము. మన దేశమున రాట్నమును గూర్చిన తొలి స్పష్టమైన ప్రస్తావన, దక్కనులో బహమనీ సుల్తాను ఆశ్రయమున ఇసామీ 1350లో ముగించిన పారశీక కావ్యమున ఉన్నదని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ చూపిరి.

రాట్నముతో నూలు త్వరగా వచ్చినది. అయినను ఢాకా మస్లినులకు వలయు అతి సన్నని నూలును ఆ తరువాత కూడ చేతి కదురుపైననే వడికిరి. తాడు లాగగానే పరుగెత్తు నాడెయు అట్టిదే. ఇంగ్లండులో జాన్ కే 1733లో కనిపెట్టిన ఆ నాడె, 20వ శతాబ్ది తొలినాళ్లలో మన మగ్గములపై వ్యాపించినది. నేడు దానిని పరాయిదని ఎవరనుచున్నారు?

కనుక ఇంటి కుర్రవాడు కొత్త పనిముట్టు తెచ్చినపుడు "ఇది పూర్వుల పద్ధతి కాదు" అని తోసివేయవలదని మా మనవి. గుడ్డ బాగుండునా, కూలి గిట్టునా అని అడుగుడు. పూర్వులు కొత్తలో అక్కరకు వచ్చినది చేకొని, పాతలో మేలైనది విడువలేదు. మన గౌరవము పనిముట్టు వయస్సులో లేదు, చేతి నేర్పులో ఉన్నది.