నొప్పి తెలియని పుండు: క్రోమిక్ యాసిడ్ దగ్గర చేయవలసినవి, చేయకూడనివి

ప్లేటింగ్ షాపుల్లో పనిచేసే కొందరి చేతులు దగ్గరగా చూడండి. వేలి కణుపుల మీద, గోళ్ల మొదట్లో, ముంజేతి మీద గుండ్రటి చిన్న గుంటలు కనిపిస్తాయి. అంచు గట్టిపడి ఉబ్బుగా ఉంటుంది, నడుమ లోతు. ఏమిటని అడిగితే "ఏదో గీరుకుంది సార్, నొప్పేం లేదు" అంటారు. వాళ్లు నిజమే చెబుతారు. క్రోమ్ పుండు పెద్దగా నొప్పి పెట్టదు. ముక్కు లోపల పుట్టిందంటే దాని జాడే తెలియదు. రెండు ముక్కు రంధ్రాల మధ్య అడ్డుగోడ తరిగి తరిగి చిల్లి పడినా, డాక్టరు టార్చిలైటు వేసి చూసేదాకా చాలామందికి ఆ సంగతి తెలియదు. నొప్పి వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకునే మనిషిని ఈ పదార్థం నిలువునా ముంచుతుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నిటికీ మూలం ఆ ఒక్క సంగతే.

వైద్యులకు ఇది కొత్త విషయం కాదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో డైక్రోమేట్‌తో పనిచేసేవాళ్ల చర్మం మీద ఇలాంటి పుండ్ల గురించి 1827లోనే రాశారు. 1890లో అదే నగరంలో, క్రోమ్ రంగులు తయారుచేసే ఒక కార్మికుడి ముక్కులో క్యాన్సర్ గడ్డనూ, అడ్డుగోడకు పడిన చిల్లినీ కలిపి నమోదు చేశారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లో ఆరు వేలెన్సీ ఉన్న క్రోమియం సమ్మేళనాలన్నిటినీ మొదటి వర్గంలో, అంటే మనిషికి క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇంత పాత సంగతి మన షాపుల్లో ఇప్పటికీ గోడమీద ఒక బోర్డుగానైనా కనబడకపోవడం బాధ కలిగిస్తుంది.

ఏది విషం, ఏది కాదు

షాపుల్లో "క్రోమిక్ యాసిడ్" అని పిలిచేది క్రోమియం ట్రైఆక్సైడ్. ముదురు ఎరుపు రేకులుగా డ్రమ్ముల్లో వస్తుంది. ల్యాబుల్లో కనిపించే నారింజ రంగు పొటాషియం డైక్రోమేట్ స్ఫటికాలు కూడా ఆ కుటుంబానివే. వీటిలో క్రోమియం ఆరు వేలెన్సీ రూపంలో ఉంటుంది. బాత్‌రూమ్ కొళాయి మీద మెరిసే పూత లోహ క్రోమియం. దాని వల్ల, స్టీలు గిన్నెల వల్ల మీకు ఈ భయం లేదు. తోళ్ల పరిశ్రమలో వాడే ఆకుపచ్చ లవణాలలో మూడు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, దాని విషగుణం చాలా తక్కువ.

అదే మూలకానికి ఇంత తేడా ఎందుకంటే, ఆరు వేలెన్సీ క్రోమేట్ ఆకారంలో సల్ఫేట్‌ను పోలి ఉంటుంది. శరీరానికి సల్ఫేట్ అవసరం కాబట్టి కణాలు దానికి దారి ఇస్తాయి. క్రోమేట్ ఆ దారినే లోపలికి చొరబడుతుంది. లోపలికి వెళ్లాక మూడు వేలెన్సీ రూపానికి మారుతూ, ఆ క్రమంలో డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. బయట ఉన్నప్పుడు అంతగా హాని చేయని మూడు వేలెన్సీ క్రోమియం, కణం లోపల తయారైతే డీఎన్‌ఏకు అతుక్కుపోతుంది.

ట్యాంకు దగ్గర

హార్డ్ క్రోమ్ బాత్‌లో లీటరుకు సుమారు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, అందులో నూరో వంతు సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. వేడి 50 డిగ్రీలకు అటూఇటూ. మీరు పంపే కరెంటులో ఇరవై శాతం కూడా పూతకు పనికిరాదు, చాలా బాత్‌లలో ఇంకా తక్కువే. మిగిలినదంతా హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పైకొస్తుంది. ఒక్కో బుడగ పైన పగిలినప్పుడు కంటికి ఆనని యాసిడ్ తుంపర గాలిలోకి ఎగురుతుంది. దానికి వాసన లేదు. ట్యాంకు పక్క గోడ మీద, ట్యూబులైటు మీద, రెక్టిఫైయర్ డబ్బా మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే ఆ తుంపర మీ ముక్కులోకీ పోతున్నట్టే లెక్క.

కాబట్టి ట్యాంకు అంచునే గాలిని లాగేసే ఎగ్జాస్ట్ లేకుండా రెక్టిఫైయర్ స్విచ్ వేయకండి. డక్టులోంచి వెళ్లే గాలి స్క్రబ్బర్ గుండా పోవాలి. నేరుగా కిటికీ బయటికి వదిలితే పక్కింటివాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఉక్కగా ఉందని ట్యాంకు వైపు పెడెస్టల్ ఫ్యాన్ తిప్పకండి. ఎగ్జాస్ట్ లాగుతున్న తుంపరను ఫ్యాన్ చెదరగొట్టి షాపంతా పరుస్తుంది. ఎండాకాలం మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. బాత్‌ను అంచుదాకా నింపకండి. పైన తేలే ప్లాస్టిక్ బంతులు, తుంపరను అణిచే నురగ మందు వాడండి. నురగ కింద హైడ్రోజన్ పోగవుతుంది కనుక కరెంటు ఆపాకే జిగ్ పైకెత్తండి, నిప్పురవ్వ పడితే పేలుతుంది. జిగ్‌ను మెల్లగా ఎత్తి, కారేదంతా ట్యాంకులోకే కారనివ్వండి.

చేతులకు మోచేతి దాకా వచ్చే పీవీసీ గ్లోవ్స్, కళ్లకు గాగుల్స్, దాని మీద ఫేస్ షీల్డ్, రబ్బరు ఏప్రాన్, గమ్ బూట్లు వేసుకోండి. ఏప్రాన్ బూట్ల పైనుంచి జారాలి, బూట్ల లోపలికి కాదు. తోలు గ్లోవ్స్, నూలు గ్లోవ్స్ వద్దు, అవి యాసిడ్‌ను పీల్చి చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి. రోజూ పని మొదలుపెట్టే ముందు గ్లోవ్‌లో గాలి నింపి, చిల్లి ఉందేమో చూడండి. చిల్లి ఉన్న గ్లోవ్ వేసుకోవడం కన్నా వేసుకోకపోవడమే నయం, ఎందుకంటే లోపల చేరిన చుక్క సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

మాస్క్ గురించి ఒక మాట. గుడ్డ మాస్క్, సర్జికల్ మాస్క్ ఈ తుంపరను ఆపలేవు. పీ100 ఫిల్టరున్న రబ్బరు మాస్క్ ముఖానికి గాలి దూరకుండా పట్టాలి. గడ్డం ఉంటే పట్టదు. అయినా ముందు ఎగ్జాస్ట్, ఆ తర్వాతే మాస్క్. ఈ వరస తిరగేసి, ఒక గుడ్డ ముక్క చేతిలో పెట్టి బాధ్యత తీరిందనుకునే యజమాని పనివాడి ఆయువులోంచి లాభం తీసుకుంటున్నాడు. అమెరికాలో 2006లో ఆరు వేలెన్సీ క్రోమియంకు గాలిలో ఉండదగ్గ పరిమితిని ఘనపు మీటరుకు 52 మైక్రోగ్రాముల నుంచి 5కు తగ్గించారు. మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో రాసుకున్నది 50. ఆ అంకె లోపల ఉన్నామని ధీమా పడకండి. కొళాయిలు, బండి విడిభాగాల వంటి అలంకార పూత పనులకు మూడు వేలెన్సీ బాత్‌లు మార్కెట్లో ఉన్నాయి. కొత్త ట్యాంకు పెట్టాలనుకునేవాళ్లు ముందు వాటి గురించి అడగండి.

డ్రమ్ము తెరిచేటప్పుడు

నీళ్లు ముందు, రేకులు తర్వాత, కొంచెం కొంచెంగా. రేకుల మీద నీళ్లు గుమ్మరించకండి.

క్రోమిక్ యాసిడ్ తాను మండదు, కానీ మండేవాటిని అంటిస్తుంది. స్పిరిట్, థిన్నర్, అసిటోన్ తగిలితే అగ్గిపుల్ల అవసరం లేకుండానే భగ్గుమనవచ్చు. అందుకే ఒలికిన యాసిడ్ మీద రంపపు పొట్టు పోయకండి, కాటన్ వేస్ట్‌తోనో గోనెసంచితోనో తుడవకండి. పొడి ఇసుక పోసి, ప్లాస్టిక్ చేటతో ఎత్తి, మూతున్న డబ్బాలో వేయండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, వద్దు.

ఖాళీ డ్రమ్ములు ఇంటికి తీసుకెళ్లకండి, ఎవరికీ అమ్మకండి. నీళ్ల ఎద్దడి ఉన్న బస్తీల్లో ఇలాంటి డ్రమ్ములు నీళ్లు పట్టుకోవడానికి చవగ్గా దొరుకుతాయి. కడిగిన డ్రమ్ము అడుగున మిగిలే చారెడు పసుపు నీళ్లు ఒక కుటుంబానికి చేటు. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు బాత్‌లోనే పోసి, డ్రమ్ముకు చిల్లులు పొడిచి పక్కన పెట్టండి.

నోరు, ముక్కు, బట్టలు

ట్యాంకు ఉన్న గదిలో టీ తాగకండి. బీడీ, ఖైనీ, గుట్కా వద్దు, వేళ్లకు అంటింది నేరుగా నోట్లోకి పోతుంది. పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తులు అప్పటికే ఒక దెబ్బ తిని ఉంటాయి. ముక్కులో వేలు పెట్టకండి. వినడానికి చిన్న సంగతే కానీ, ముక్కు అడ్డుగోడకు చిల్లి పడటంలో తుంపరతోపాటు వేలికి అంటిన యాసిడ్‌కూ వాటా ఉంది. భోజనానికి ముందు చేతులు, ముఖం సబ్బుతో కడిగి, ముక్కు చీది శుభ్రం చేసుకోండి.

పని బట్టలు షాపులోనే విప్పి, స్నానం చేసి ఇంటికి వెళ్లండి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఇంట్లో భార్య చేత్తో ఉతకాల్సిన పరిస్థితి రానివ్వకండి. ఉతికించే ఏర్పాటు యజమానిది.

మీద పడితే

తడిసిన బట్టలు వెంటనే విప్పేసి, పారే నీటి కింద నిలబడండి. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం 15 నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండాలి. పసుపు, టూత్‌పేస్టు, సిరా, నెయ్యి ఏవీ పూయకండి. కాలిన చోటు చిన్నదే కదా అని ఇంటికి వెళ్లిపోకండి. ఈ యాసిడ్ చర్మం గుండా రక్తంలోకి దిగి మూత్రపిండాలను పట్టుకుంటుంది. ఒంటిలో పదో వంతు మాత్రమే కాలినా ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. ఆసుపత్రిలో "క్రోమిక్ యాసిడ్" అని పేరు పెట్టి చెప్పండి, డబ్బా లేబుల్ ఫోటో చూపించండి. మామూలు యాసిడ్ అనుకుని కట్టు కట్టి పంపేస్తే, మూత్రం తగ్గిపోయాక గానీ ప్రమాదం బయటపడదు.

మింగితే కొన్ని గ్రాములే ప్రాణాంతకం. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, పోయిన దారినే గొంతు మళ్లీ కాలుతుంది. 108కి ఫోన్ చేయండి.

కాలువలోకి వదలకండి

రిన్స్ నీళ్లు పసుపుగా ఉన్నంతకాలం అందులో విషం ఉన్నట్టే. రంగు కనబడకపోయినా పరీక్ష చేయందే వదలకూడదు. చెరువులు, వాగుల్లోకి వదిలే వ్యర్థజలంలో ఆరు వేలెన్సీ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదు. ముందు యాసిడ్‌తో పీహెచ్‌ను 2, 3 మధ్యకు తెచ్చి, సోడియం మెటాబైసల్ఫైట్ కలపాలి. పసుపు పోయి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఈ దశలో ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది కనుక గాలి ఆడే చోటే చేయండి. తర్వాత సున్నం కలిపి పీహెచ్ 8, 9కి పెంచితే మడ్డి దిగుతుంది. ఆ మడ్డి దుండిగల్, పరవాడ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకే వెళ్లాలి. దాన్ని కాల్చకండి, బ్లీచింగ్ పౌడర్ కలపకండి. రెండు పనులూ మూడు వేలెన్సీ క్రోమియంను మళ్లీ ఆరుకు తిప్పుతాయి. మీరు పడ్డ శ్రమంతా వెనక్కి పోతుంది.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. చిత్తూరుకు దగ్గర్లోనే, తమిళనాడులోని రాణిపేటలో ఒక క్రోమేట్ ఫ్యాక్టరీ 1995లో మూతపడింది. లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాన్ని ఆరుబయట వదిలిపెట్టింది. ఏటా కురిసే వాన ఆ గుట్టలోంచి క్రోమియంను భూగర్భజలంలోకి దింపుతూ వచ్చింది. ఫ్యాక్టరీలో ఒక్కరోజు కూడా పనిచేయని రైతులు ఆ నీళ్ల ఫలితం అనుభవించారు.

ల్యాబులో, పాల కేంద్రంలో

డైక్రోమేట్ ద్రావణాన్ని నోటితో పిపెట్‌లోకి పీల్చకండి, పిల్లలచేత పీల్పించకండి. రబ్బరు బల్బు వాడండి. గాజుసామాను కడగడానికి డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్ మిశ్రమం కలిపే పాత అలవాటు మానేయండి, మంచి ల్యాబ్ డిటర్జెంట్‌తో పని జరుగుతుంది. వెన్న పరీక్ష కోసం డైక్రోమేట్ కలిపి నిల్వ ఉంచిన పాల శాంపిల్‌ను తిరిగి క్యాన్‌లో పోయకండి, పిల్లికో దూడకో పోయకండి.

సిమెంటు పనిలో

తాపీ మేస్త్రీలకు, కూలీలకు ఈ విషం మరో దారిలో ఎదురవుతుంది. సిమెంటు బట్టీ వేడిలో ముడిసరుకులోని క్రోమియం కొంత ఆరు వేలెన్సీకి మారుతుంది. నీళ్లు కలిపినప్పుడు కరిగి చర్మంలోకి దిగుతుంది. మొదట దురద, తర్వాత పగుళ్లు, రసి. ఒకసారి క్రోమియం పడని స్థితి వస్తే అది జీవితాంతం ఉంటుంది, ఆ తర్వాత తోలు చెప్పులు వేసుకున్నా పాదాలు పొక్కుతాయి. యూరప్‌లో 2005 నుంచి సిమెంటులో కరిగే క్రోమియం పది లక్షల పాళ్లకు 2 పాళ్లు మించకూడదని నియమం. దాన్ని తగ్గించడానికి ఫెర్రస్ సల్ఫేట్ కలుపుతారు. మన దగ్గర పనికి వెళ్లే పాలమూరు కూలీకి ఆ రక్షణ గురించి చెప్పేవాళ్లే లేరు. ఒట్టి చేత్తో మాలు కలపకండి, గమ్ బూట్లు లేకుండా తడి కాంక్రీటులో దిగకండి. చేతులు మాలు కలిపిన బకెట్లో కాకుండా వేరే మంచి నీళ్లతో కడుక్కోండి.

డాక్టరు దగ్గర

పనిలో చేరేముందు ఒకసారి, ఆ తర్వాత క్రమం తప్పకుండా ముక్కు లోపలి భాగం, చేతులు, ఊపిరితిత్తులు చూపించుకోండి. ముక్కులోంచి తరచూ రక్తం, పొక్కులు కట్టడం, శ్వాసలో ఈల చప్పుడు, మానని గుంట కనిపిస్తే ఆగకండి. మూత్రంలో క్రోమియం పరీక్ష వారం చివర, పని దిగిన వెంటనే చేయించాలి. క్రోమ్ పుండును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లోనే ప్రకటించదగ్గ వ్యాధిగా చేర్చారు. చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరేట్‌కు తెలియజేయాలి. ఈఎస్ఐ డాక్టరుకు ఆ సంగతి గుర్తుచేయడానికి మొహమాటపడకండి.

పని మానేసినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడటానికి ఇరవై ఏళ్లు, అంతకుమించి కూడా పట్టవచ్చు. అప్పటికి షాపు మూతపడి ఉంటుంది, యజమాని మారి ఉంటాడు. ఏ షాపులో, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ ట్యాంకు దగ్గర పనిచేశారో ఒక కాగితం మీద రాసి ఆధార్, ఈఎస్ఐ కార్డులతోపాటు దాచుకోండి. ఆగని దగ్గుతో ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లినా ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి.