సున్నపుతేట చెప్పే సాక్ష్యం



కార్బన్ డై ఆక్సైడ్ సున్నపుతేటను పాలలాగా మారుస్తుందని మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. మా ఇళ్లలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్లం మేమే. సందేహం వస్తే ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. పీజీ ల్యాబులో మాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది: ఒక పరీక్ష దేన్ని రుజువు చేస్తుందో, దేన్ని చేయదో తెలిస్తేనే ప్రయోగం చేసినట్టు. అందుకే ఈ పాఠం.

తయారీ: ఫ్లాస్కులో పాలరాతి ముక్కలు వేసి, రెండు రంధ్రాల బిరడా బిగించాలి. ఒక రంధ్రంలో థిసిల్ గరాటు, రెండోదానిలో వాయునాళం అమర్చాలి. గరాటు గుండా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి. గరాటు కాడ చివర ఆమ్లంలో మునిగి ఉండాలి. లేకపోతే వాయువు గరాటులోంచే బయటికి పోతుంది.

కాల్షియం కార్బోనేట్ + హైడ్రోక్లోరిక్ ఆమ్లం → కాల్షియం క్లోరైడ్ + నీరు + కార్బన్ డై ఆక్సైడ్

సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎందుకు వాడరు? అప్పుడు ఏర్పడే కాల్షియం సల్ఫేట్ నీటిలో సరిగా కరగదు. రాతి ముక్కలపై పొరలా పేరుకుని చర్యను ఆపేస్తుంది.

ఈ వాయువు గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. కాబట్టి నిలబెట్టిన జాడీ అడుగుదాకా నాళం దించి నింపవచ్చు.

పరీక్ష: జాడీలో మండుతున్న పుల్ల పెడితే ఆరిపోతుంది. కాని నైట్రోజన్‌లోనూ ఆరిపోతుంది. కనుక అది చాలదు. సున్నపుతేటలోకి వాయువును పంపితే కాల్షియం కార్బోనేట్ ఏర్పడి తెల్లబడుతుంది. ఇంకా పంపితే కాల్షియం బైకార్బోనేట్‌గా మారి మళ్లీ తేటపడుతుంది. సల్ఫర్ డై ఆక్సైడ్ కూడా తెల్లబరుస్తుంది గాని, దానికి ఘాటైన వాసన ఉంటుంది. మన వాయువుకు వాసన లేదు.

ల్యాబు లేకుండా: మన ఊపిరిలో ఈ వాయువు ఉందని 1750లలో స్కాట్లండు శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ చూపింది సున్నపుతేటతోనే. ఏటూరునాగారంలో ఏ పాన్ డబ్బాలోనైనా దొరికే సున్నం చాలు. నీళ్లలో కలిపి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట వంచుకోండి. కళ్లలో పడనీయకండి. ఒక గ్లాసులో గొట్టంతో ఊదండి, లోపలికి మాత్రం పీల్చవద్దు. ఇంకో గ్లాసులోకి సైకిల్ పంపుతో గాలి కొట్టండి. ఊదినది త్వరగా తెల్లబడుతుంది. గాలిలో ఈ వాయువు సుమారు 0.04 శాతమే, మనం వదిలే ఊపిరిలో సుమారు 4 శాతం.

మార్కులకు మించిన సంగతి: వాడకుండా వదిలేసిన బావుల్లో, ధాన్యం పాతరల్లో ఈ బరువైన వాయువు అడుగున చేరవచ్చు. కంటికి కనబడదు. పూడిక తీసే కూలికి వెళ్లేది ఎక్కువగా మనలాంటి ఇళ్లవాళ్లే. పెద్దలు ముందుగా దీపం దించి చూస్తారు. దీపం ఆరితే దిగకూడదన్నది నిజం. కాని వెలుగుతూ ఉంటే క్షేమమని మాత్రం కాదు. మనిషికి హాని చేసేంత విషవాయువు ఉన్నా దీపం వెలగవచ్చు. మండే వాయువు ఉంటే ఆ దీపమే ప్రమాదం. లోపల ఒకరు పడిపోతే కాపాడాలని ఇంకొకరు దిగకూడదు. వెంటనే 101కు ఫోన్ చేసి అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

సెలవులకు వెళ్లినప్పుడు ఈ నాలుగు మాటలూ ఇంట్లో చెప్పండి తమ్ముళ్లూ. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నే కావచ్చు, ఇంటి దగ్గర అది ఒక ప్రాణం.