చీలిన సంఘములో గాయపడిన హృదయము

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 15:36–41, 2 తిమోతి 4:9–11



సంఘము చీలినప్పుడు కలుగు బాధ అన్నదమ్ములు వేరుపడిన ఇంటి బాధవంటిది. నిన్నటివరకు ఒకే చాపమీద కూర్చుండి ప్రార్థించినవారు నేడు వీధిలో ఎదురుపడి ముఖము త్రిప్పుకొని పోవుదురు. ఒక ఊరిలో రెండు గంటలు మ్రోగును. ఏ గంట విన్నను గుండె కలుక్కుమనును. "నా విశ్వాసము తక్కువైనందుననే ఇంత దుఃఖమా?" అని కొందరు అడుగుదురు. కాదు. ప్రేమించినవారే దుఃఖపడుదురు.

పౌలు బర్నబాలను చూడుడి. యెరూషలేములో శిష్యులందరు సౌలునకు భయపడినప్పుడు అతని చేరదీసినవాడు బర్నబాయే. తార్సునకు వెళ్లి అతని వెదకి అంతియొకయకు తీసికొని వచ్చినవాడును అతడే. అట్టి స్నేహితులు మార్కు విషయమై విడిపోయిరి. మార్కు పంఫూలియలో పనిని విడిచి వెళ్లెను గనుక అతనిని మరల తీసికొనిపోవుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబా మార్కుతో కుప్రకు పోయెను. పౌలు సీలతో సిరియ, కిలికియ దేశములకు పోయెను. తప్పు ఎవరిదో లూకా తీర్పు చెప్పలేదు. ఆ కలహమును దాచనూ లేదు.

అయితే కథ అక్కడ ముగియలేదు. తరువాత పౌలు కొరింథీయులకు వ్రాయుచు (1 కొరింథీ. 9:6) బర్నబాను తనతో సమానుడైన పనివానిగా పేర్కొనెను. మార్కు వచ్చినయెడల చేర్చుకొనుడని కొలస్సయులకు చెప్పెను (4:10). కడపట చెరసాలనుండి, మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు, అతడు తన పరిచర్యకు పనికివచ్చుననియు తిమోతికి వ్రాసెను. విడిపోయిన దినమున పౌలు తలుపు వేసెనేగాని గడియ పెట్టలేదు.

మన దేశములోను ఇట్టి ఓర్పు కనబడినది. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన ఐక్యతా ప్రయత్నము 28 ఏండ్లకు, అనగా 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. అందుకై పాటుపడిన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు దానిని కన్నులార చూడకయే 1945లో ప్రభువునందు నిద్రించిరి. ఆ ఐక్యత దినముననే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములు అనేకము వెలుపల నిలిచిపోయెను. ఏండ్లు గడచిన పిమ్మట అవియు కలిసెను. చీలుటకు ఒక్క సాయంకాలము చాలును. అతుకుటకు ఒక తరము పట్టవచ్చును.

అంతవరకు మనమేమి చేయవలెను?

1. దుఃఖమును దేవునియెదుట కుమ్మరింపుడి, రచ్చబండమీద కాదు. మోసిన ప్రతి చాడీ గాయమును మరల రేపును.

2. సత్యమును దాచి సమాధానమనకుడి. కానుకల లెక్కలో గాని నడవడిలో గాని తప్పు ఉన్నయెడల, మత్తయి 18:15–17 ప్రకారము మొదట ఒంటరిగా, తరువాత ఒకరినిద్దరిని వెంటబెట్టుకొని, ఆ తరువాత సంఘములో మాటలాడుడి.

3. ఆరాధన వేరైనను ఆపదలో వేరు కాకుడి. అవతలివారి ఇంట జ్వరము వచ్చినప్పుడు గంజి తీసికొని వెళ్లుడి. మరణము సంభవించినప్పుడు పాడె మోయుడి. సమాధుల తోట ఇంకను ఒక్కటే గదా!

4. పిల్లలకు పగను నేర్పకుడి. వారిని చీలిక దాటి ఆడుకొననియ్యుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు: నేను ఎవరి పేరు వినుటకు ఇష్టపడుట లేదు? ఆ వ్యక్తి చేసిన మేలు ఒకటి చెప్పగలనా? ఈ నెలలో వారి గుమ్మము త్రొక్కుదునా?

ప్రార్థన: ప్రభువా, మా గాయము నీకు తెలియును. దానిని పగగా మారనియ్యకుము. మమ్మును విడిచినవారిని, మేము విడిచినవారిని నీ చేతిలో ఉంచుచున్నాము. మా తలుపునకు గడియ పెట్టకుండ మాకు కృప దయచేయుము. ఆమేన్.