మంచు శిఖరాలపై మల్లి మస్తాన్ బాబు

మంచు కురిసే దేశాలలో మంచుపై నడక ప్రత్యేకంగా అభ్యసించవలసిన విద్య కాదు. అది నిత్యజీవితంలో ఒక భాగం. నార్వే దేశపు పిల్లలు నడక నేర్చిన కొద్దికాలానికే స్కీ పలకలను కాళ్ళకు బిగించుకుంటారు. ఆ దేశస్థుడైన షెటిల్ ఆండ్రే ఓమోట్ 1992 నుండి 2006 వరకు శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో, మంచువాలుపై జరిగే స్కీ పందాలలో 8 పతకాలు సాధించాడు. వాటిలో చివరి స్వర్ణపతకం అతనికి 2006 ఫిబ్రవరి 18న ఇటలీలో లభించింది.

దానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, ఫిబ్రవరి 17న, దక్షిణ అమెరికాలో 6,961 మీటర్ల అకాంకాగువా శిఖరంపై ఒక తెలుగువాడు నిలిచాడు. అతడే మన పొరుగు జిల్లా నెల్లూరులోని సంగం మండలం, గాంధీజనసంఘం గ్రామంలో 1974లో జన్మించిన మల్లి మస్తాన్ బాబు. మస్తాన్ అనే పేరు మన ప్రాంతంలో హిందువులు, ముస్లిములు ఉభయులూ పెట్టుకునేదే. ఆ పేరుగలవాడు మంచు ఎరుగని సీమనుండి మంచుకొండలకు ఎలా చేరాడన్నది విద్యార్థులు పరిశీలింపదగిన విషయం.

ఆయన విజయనగరం ప్రాంతంలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడు. ఆ పాఠశాల పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో అసువులు బాశాడు. ఆ వీరుని గాథ బాలుని మనస్సులో పర్వతారోహణ కాంక్షను మొలకెత్తించింది. అయినను అతడు చదువును వదలలేదు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఉన్నతవిద్య, కలకత్తా ఐ.ఐ.ఎం.లో మేనేజ్‌మెంటు విద్య ముగించాడు.

2006లో ఆయన ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను వరుసగా అధిరోహించాడు. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్, ఫిబ్రవరి 17న అకాంకాగువా, మార్చి 15న ఆఫ్రికాలోని కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కొషియుస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఐరోపాలోని ఎల్‌బ్రుస్, జూలై 10న ఉత్తర అమెరికాలోని డెనాలి. తొలి శిఖరానికీ తుది శిఖరానికీ నడుమ గడచినవి 172 దినాలు మాత్రమే. అప్పటికి ప్రపంచంలో అంతకన్న తక్కువ కాలంలో ఈ ఏడింటినీ ముగించినవారు లేరు. ఏడు శిఖరాలనూ వారంలోని ఏడు వేర్వేరు రోజులలో చేరడం మరొక విశేషం.

ఈ వరుస యాదృచ్ఛికం కాదు. దక్షిణార్ధగోళంలో జనవరి, ఫిబ్రవరి మాసాలు వేసవి. అప్పుడే అంటార్కిటికాలోనూ ఆండీస్ పర్వతాలలోనూ ఆరోహణకు అనువు. ఎవరెస్టుపై పెనుగాలులు తగ్గి, ఋతుపవనాలు ఇంకా ప్రవేశించని కొద్దిరోజుల అవకాశం మే నెలలో లభిస్తుంది. డెనాలికి జూన్, జూలై మాసాలు తగినవి. భూగోళశాస్త్రం, కాలగణనం, ప్రయాణ ప్రణాళిక — ఈ మూడూ కాలిబలంతో కలిసినప్పుడే 172 దినాలు సాధ్యమైనవి. మదనపల్లె వద్దనున్న హార్స్‌లీ కొండ ఎత్తు సుమారు 1,300 మీటర్లు మాత్రమే. ఎవరెస్టు శిఖరాన గాలి పీడనం సముద్రమట్టంలోని దానిలో మూడవవంతు మాత్రమే. అట్టి చోట తొందరపాటుకు తావు లేదు. దేహాన్ని అంచెలంచెలుగా ఆ ఎత్తుకు అలవాటు చేయవలసిందే.

ఇంతటి నేర్పరికి సైతం ప్రకృతి మినహాయింపు ఇవ్వలేదు. 2015 మార్చి 24న ఆయన చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని 6,749 మీటర్ల త్రెస్ క్రూసెస్ సూర్ శిఖరం వైపు ఒంటరిగా బయలుదేరాడు. వాతావరణం వికటించింది, ఆయన తిరిగి రాలేదు. ఏప్రిల్ 3న భౌతికకాయం కనబడింది. అదే నెలలో స్వగ్రామంలో అంత్యక్రియలు జరిగాయి.

ఆయన మరణాన్ని వీరగాథగా మాత్రమే చదువుకుంటే సగం పాఠం మనకు దక్కదు. శాస్త్రీయమైన ప్రణాళిక అపాయాన్ని తగ్గిస్తుందే గాని తొలగించలేదు. కొండపై తోడు ఉండడం, మబ్బు పట్టినప్పుడు వెనుదిరగడం పిరికితనం కాదన్నది ఆ విద్యలో మొదటి సూత్రం. ఇక రెండవ సగం మన విద్యార్థి లోకానికి నేరుగా వర్తించేది. మంచు లేని ఊరిలో పుట్టినవానికి మంచుకొండ నిషిద్ధం కానప్పుడు, మన ఇండ్లలో లేని విద్య, మన వీధిలో ఎవరూ చేయని వృత్తి మనకు తగవని ముందుగానే తీర్మానించుకోవడం న్యాయమా? నార్వే బాలునికి మంచు ఇంటి ముంగిటే లభించింది. మస్తాన్ బాబు దానిని గ్రంథాలలో, పాఠశాలలో, కఠోర సాధనలో వెదకి సాధించుకున్నాడు.