ఒక్క పన్ను తేడా

మావయ్య షెడ్డులో మారుతి 800 ఇంజిన్ మళ్లీ బిగిస్తున్నాం. క్రాంక్ పుల్లీ గుర్తూ, కామ్ పుల్లీ గుర్తూ కుదిర్చి టైమింగ్ బెల్టు ఎక్కించేశా. సెల్ఫ్ కొట్టబోతే మావయ్య ఆపాడు. "ముందు స్పానర్‌తో రెండు చుట్లు తిప్పరా."

రెండే ఎందుకంటే, క్రాంక్ రెండుసార్లు తిరిగితే కామ్ ఒక్కసారే తిరుగుతుంది. కామ్ పుల్లీకి పళ్లు రెట్టింపు. అప్పుడు గుర్తులు మళ్లీ కలవాలి. నావి కలవలేదు. కామ్ ఒక పన్ను వెనకబడింది. కోడింగ్‌లో నేను రోజూ చేసే ఆఫ్-బై-వన్ తప్పే! బెల్టు వదులంతా టెన్షనర్ వైపు ఉండాలి, నేను అవతలి వైపు వదిలేశా. క్రాంక్ లాగగానే బయటపడింది.

తిప్పేటప్పుడు గట్టిగా తగిలితే బలవంతం చెయ్యకూడదు. కొన్ని ఇంజిన్లలో అది పిస్టన్‌కి వాల్వు తగలడం. చేతికి తెలుస్తుంది, సెల్ఫ్ మోటారుకి తెలీదు, వాల్వు వంచేస్తుంది.

బెల్టు విప్పి మళ్లీ ఎక్కించా. ఈసారి నాలుగు చుట్లు తిప్పా.